నేర్పలేదన్నాను

నిజామాబాద్‌లో ఒక లారీల ఆఫీసులో పదకొండేళ్లుగా కాగితాల పని చూస్తున్నాను. ఏ బండికి ఫిట్‌నెస్ ఎప్పుడు అయిపోతుందో, ఇన్సూరెన్స్ ఎప్పుడు కట్టాలో నాకే తెలుసు. రెండేళ్ల క్రితం రోడ్ల మీద తనిఖీలు పెరిగాయి. మా బండ్లు వరసగా మూడు ఆగిపోయేసరికి, డ్రైవర్లను కూర్చోబెట్టి అన్నీ నేర్పమని మా ఓనరు సేటు నాకు చెప్పాడు. నాకు స్కూటీ తప్ప ఏదీ నడపడం రాదు. మా మెకానిక్ వెంట వారం రోజులు తిరిగి, టైరు ఎంత అరిగితే మార్చాలో, బ్రేకుల గాలి మీటరు ముల్లు ఎక్కడ నిలవాలో తెలుసుకున్నాను.

ఆదివారం పొద్దున షెడ్డులో క్లాసు. నేనే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌నన్నట్టు ప్యాడ్ పట్టుకుని బండి చుట్టూ తిరిగేదాన్ని. లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, వెనక ఎర్ర స్టిక్కరు అన్నీ అడిగేదాన్ని. మొదట్లో డ్రైవర్లు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. చివర ఒక మాట మాత్రం నా అంతట నేనే కలిపాను. బండిలో లోపం ఉందని తెలిసి, ఆఫీసరు అడిగితే దాచొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి అని. సేటు ఆ మాట చెప్పమనలేదు.

వాళ్లలో బోధన్ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. నన్ను బేటీ అనేవాడు, నేను చాచా అనేదాన్ని. ఆ మాట మొదటిసారి చెప్పిన రోజు అందరూ వెళ్లిపోయినా ఆయన నిలబడ్డాడు.

"నిజంగనే చెప్పాల్నా బేటీ? సేటు ఏమనడా?"

"చెప్పాలె చాచా. ఏమన్న అయితే నేనున్న," అన్నాను.

అంత తేలిగ్గా ఎలా అన్నానో.

చెరకు సీజను వచ్చింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పటి నుంచి అక్కడి చెరకు దూరం పోవాల్సిందే. మా బండ్లకు తీరిక ఉండదు. ఒకరోజు చాచా ఆఫీసుకొచ్చి, బ్రేకు కొడితే బండి ఎడమకు గుంజుతోందన్నాడు. సేటుకు చెప్పాను. సీజను అయ్యాక చూద్దామన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

నాలుగు రోజులకు రుద్రూర్ దాటాక తనిఖీలో ఆయన బండిని ఆపారు. కాగితాలన్నీ సరిగా ఉన్నాయి, లైట్లన్నీ వెలిగాయి. ఇంకేమైనా ఉందా అని ఇన్‌స్పెక్టర్ మామూలుగానే అడిగాడట. చాచా బ్రేకు సంగతి చెప్పేశాడు. బండి అక్కడే నిలిచిపోయింది. చెరకును ఇంకో బండిలోకి మార్చడానికి రోజున్నర పట్టింది. ఎండకు గడలు వాడిపోయాయని రైతు ఆఫీసుకొచ్చి అరిచి పోయాడు.

మర్నాడు సేటు మా ఇద్దరినీ పిలిచాడు. ఎవరు చెప్పమన్నారని అడిగితే చాచా నేల చూశాడు తప్ప నా వైపు చూడలేదు. సేటే నా వైపు తిరిగాడు.

"నువ్వు నేర్పినవా గిది?"

"లేదు సార్. నేను కాగితాలు, లైట్ల సంగతే చెప్పిన."

చాచా తలెత్తి ఒక్కసారి నన్ను చూశాడు. తర్వాత సేటుతో, "నేనే చెప్పిన సేట్. బండి గుంజుతుంటే గుంజుతుందన్న," అని బండి తాళాలు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. సేటు ఆపలేదు. నేను కుర్చీలోంచి లేవలేదు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. ఆ కాగితాల సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, సేటు నన్ను తీసేసేవాడు కాదు. మహా అయితే నాలుగు మాటలనేవాడు. ఆ నాలుగు మాటలు పడలేక చాచాను వదిలేశాను.

బండిని విడిపించాలంటే బ్రేకు బాగు చేయించక తప్పలేదు. మెకానిక్ చక్రం విప్పి నన్ను పిలిచి చూపించాడు. బ్రేకు లైనింగ్ పూర్తిగా అరిగి, దాన్ని పట్టి ఉంచే రివెట్లు బయటపడ్డాయి.

"నాలుగు ట్రిప్పులు గూడ వచ్చేది కాదక్కా," అన్నాడు.

అది చూసి కూడా, ఆ ఆదివారం క్లాసులో చివరి మాట చెప్పకుండానే ముగించాను. ఆ తర్వాతి ఆదివారాలూ అంతే.

ఆరు నెలలకు ధైర్యం చేసి బోధన్ వెళ్లాను. చాచా ఒక బడి వ్యాను నడుపుతున్నాడు. వాళ్లావిడ చాయ్ పెట్టింది. ఆయన ఒక్కొక్క డ్రైవరు గురించీ పేరుపేరునా అడిగాడు. చాయ్ చల్లారిపోయింది.

"ఆ రోజు అబద్ధం చెప్పిన చాచా," అన్నాను.

"తెల్సు బేటీ. నేను ఆడ్నే ఉన్న గద."

పోనీలే అంటాడని ఎదురుచూశాను. ఆ మాట కోసమే అంత దూరం వెళ్లానని అప్పుడు అర్థమైంది. ఆయన అనలేదు. డ్రైవర్లకు ఇప్పటికీ ఆ మాట చెప్తున్నావా అని అడిగాడు. చెప్తున్నానన్నాను. ఆయన సంతోషంగా తలూపాడు. బస్సులో నిజామాబాద్ దాకా తల వంచుకునే కూర్చున్నాను.

ఆ వచ్చిన ఆదివారమే క్లాసులో ఆ మాట చెప్పాను. సేటు అడిగితే జవాబెవరు చెప్పాలని ఒక డ్రైవరు అడిగాడు. నేను చెప్పమన్నానని చెప్పు అన్నాను. అప్పటి నుంచి ప్రతి క్లాసులోనూ చెప్తున్నాను. ఇంతవరకు సేటు నన్ను మళ్లీ అడగలేదు. అడిగితే ఏమంటానో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.