ఆ వార్తలో పేర్లు ఎవరిచ్చారు

నాలుగేళ్లుగా ఒక మౌనాన్ని మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యమధ్య ఆగిపోతే విసుక్కోకండి. ముప్పై ఏళ్లు అల్లవరం, అమలాపురం వైపు నుంచి ఒక పత్రికకు వార్తలు పంపినవాణ్ణి. ఎవరెవరో చేసినవన్నీ రాశాను. నేను చేసినదొక్కటి రాయలేదు.

ఆ ఏడాది డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలకు ఇంటర్న్‌షిప్ పెట్టారు. చాలామంది బ్యాంకులకు, ఆసుపత్రులకు వెళ్లారు. ఒక అమ్మాయి మాత్రం మా మండలానికి కొత్తగా వచ్చిన కుటుంబానికి చేదోడుగా ఉండే పని ఎంచుకుంది. ఆమెను కుమారి అంటాను. అసలు పేరు వేరు. వాళ్ల నాన్న నాకు స్నేహితుడు, అందుకే నన్ను బాబాయిగారూ అని పిలిచేది.

ఆ కుటుంబం ఈశాన్యంలోని కొండల నుంచి వచ్చింది. అక్కడ రెండు తెగల మధ్య గొడవలు చెలరేగి ఇళ్లు తగలబెట్టుకున్నారు. భర్తది ఒక తెగ, భార్యది మరొకటి. ఇద్దరు పిల్లలు. వాళ్లకు ఏ వైపూ చోటు లేకపోయింది. భర్త సొంత అన్నే వాళ్ల కోసం వెతికిస్తున్నాడు, దొరికితే బతకనివ్వనని కబురు కూడా పంపాడు. మా రొయ్యల ప్లాంటులో పని దొరుకుతుందని ఎవరో చెబితే ఇంత దూరం వచ్చి తలదాచుకున్నారు. ఆ భార్యను మేరీ అంటాను.

కుమారి వాళ్లకు అద్దెకు వాటా కుదిర్చింది. ఆధార్‌లో చిరునామా మార్పించింది. బజారులో ఏది ఎలా అడగాలో నేర్పింది. మేరీకి అన్నిటికంటే ముందు వచ్చిన తెలుగు మాట ఆయ్, మా వైపు ఎవరేమన్నా మర్యాదకు ఊఁ కొట్టే మాట. ఎవరేమన్నా నవ్వుతూ ఆయ్ అనేది. ఇంటి యజమానురాలు వీధి అంతటికీ వినబడేలా అనేది: "ఏం చెప్పినా ఆయ్ అంటాది. మా కోడలూ ఉంది ఎందుకూ, పిలిస్తే పలకడానికే పూటపడద్ది."

ఒక్క బడి దగ్గరే పని ఆగింది. పాత బడి నుంచి కాగితాలు తేవాలన్నారు. ఆ బడి కాలిపోయింది. కుమారి నా దగ్గరికి వచ్చి, పేపర్లో రాస్తే పై అధికారులు కదులుతారేమోనంది. ఒకటే షరతు పెట్టింది.

"పేర్లొద్దండి బాబాయిగారూ. ఫోటో వద్దు, ఊరు కూడా వద్దండి. ఓ కుటుంబం అని రాయండి, చాలు."

నాకు తెలియదా అమ్మా అన్నాను.

తెలుసు. అన్నీ తెలిసే మర్నాడు కుమారి కాలేజీలో ఉన్న వేళ ఒక్కణ్ణే వాళ్లింటికి వెళ్లాను. మేరీ టీ ఇచ్చింది. పిల్లల పేర్లు అడిగితే చెప్పింది. గుమ్మంలో నలుగురినీ నిలబెట్టి ఫోటో తీశాను. పేపర్లో వేసుకోవచ్చా అమ్మా అని అడిగాను. ఆయ్ అంది. ఆ ఆయ్‌కి అర్థమేమిటో, అందులో అనుమతి ఎంత ఉందో, ఈ గడ్డ మీద పుట్టి పెరిగిన నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? కానీ ఆ క్షణంలో అది నాకు సరిపోయింది. అడిగాను, ఒప్పుకుంది. తరవాత ఎవరైనా నిలదీస్తే అలా చెప్పవచ్చనుకున్నాను.

మొదట పేర్లు లేకుండానే పంపాను. మాట తప్పకూడదనే అనుకున్నాను. సాయంత్రం వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే డెస్క్ నుంచి ఫోను వచ్చింది. వార్త బాగుంది గాని మనుషులేరీ ఇందులో, పేర్లూ ఫోటో ఉంటే జిల్లా మొదటి పేజీలో పెడతాం, లేకపోతే లోపల ఎక్కడో చిన్నది అన్నారు. జిల్లా పేజీలకు అది అలవాటు. నలుగురి పేర్లు పడితే నాలుగు ఇళ్లలో పేపరు చదువుతారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, నా తరవాత వచ్చినవాళ్లకూ అలాగే నేర్పాను. కాదంటే ఎవరూ నన్ను కొట్టేవారు కాదు. వార్త చిన్నదయ్యేది, అంతే. గంటలోపే పేర్లు పంపాను. ఊరు పంపాను. ఫోటో పంపాను.

ఎందుకు పంపాను? బడి సీటు త్వరగా వస్తుందనా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. మొదటి పేజీలో నా వార్త పడి చాలా నెలలైందన్నది రెండో కారణంగా పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వరస మార్చాలి.

సీటు నిజంగానే వచ్చింది. వార్త పడిన రోజే బడి వాళ్లు పిల్లల్ని పిలిచి చేర్చుకున్నారు. కుమారి ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది. ఎందుకిలా వేశారండీ అని అడిగింది. డెస్క్ వాళ్లకు ఎవరి దగ్గర దొరికాయో వేసేశారమ్మా అన్నాను. నమ్మింది.

ప్లాంటులో ఈశాన్యం నుంచి వచ్చిన కుర్రాళ్లు వేరే కూడా ఉన్నారు. మన ఊరి వాళ్ల ఫోటో పడిందని సంబరంగా ఫోన్లలో పంపుకున్నారు. వాళ్ల తప్పేముంది? పన్నెండో రోజు మేరీ భర్తకు అన్న దగ్గర నుంచి ఫోను వచ్చింది. అతను తిట్టలేదట, తరవాత ప్లాంటు కుర్రాళ్లు చెప్పారు. ఊరి పేరూ పిల్లల పేర్లూ నెమ్మదిగా చదివి పెట్టేశాడట. ఆ మధ్యాహ్నమే పిల్లల్ని పాఠం మధ్యలో తీసుకుని, యూనిఫాంలోనే ఆటో ఎక్కించుకుని అమలాపురం బస్టాండుకు వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి ఉతికిన బట్టలు తీగ మీదే ఉన్నాయి. తడి ఆరలేదు. ఫోన్లు పనిచేయడం లేదు. ఎక్కడికి వెళ్లారో, చేరారో లేదో, ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఇంతవరకూ చేసింది తప్పు. దీని తరవాత చేసినదానికి పేరు వెతకలేకపోతున్నాను.

ఆ కుటుంబం వివరాలు పేపరుకు ఇచ్చిందని కుమారి మీద కాలేజీలో విచారణ పెట్టి నన్ను రమ్మన్నారు. ప్రిన్సిపాల్ బల్ల మీద కుమారి ఇంటర్న్‌షిప్ రికార్డు ఉంది. రోజూ చేసిన పని రాయాలి, చేసినట్టు రుజువుకు ఫోటోలు అతికించాలి. నిబంధన ప్రకారం పేర్లూ చిరునామా గుండ్రటి అక్షరాల్లో రాసింది. గుమ్మంలో ఆ నలుగురి ఫోటో కూడా ఉంది, ఆమె తీసినదే గాని అచ్చం నేను తీసినట్టే ఉంది. కుమారి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఈ వివరాలు మీకు ఎవరిచ్చేరండి?" అన్నారు ప్రిన్సిపాల్.

"వార్త ఎవరిచ్చారో మా వృత్తిలో చెప్పకూడదండి."

"మీరు చెప్పక్కర్లేదు లెండి," అన్నారు పక్కనున్న లెక్చరరు. "అన్నీ ఈ పుస్తకంలోనే ఉన్నాయి కదా. పేపర్లో పడాలని పిల్లలకి మహా సరదా ఆయె."

"నేనివ్వలేదండి," అంది కుమారి. నా వైపు తిరిగింది. "బాబాయిగారూ, మీరు చెప్పండి."

"నేనేం చెప్పలేనమ్మా."

అంతే అన్నాను. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సమాచారం ఇచ్చినవాణ్ణి కాపాడడానికి పెట్టుకున్న నియమం అది, అవసరమైతే జైలుకైనా వెళ్లాలని పెద్దలు నాకు నేర్పినది, దాన్ని తీసుకెళ్లి నన్ను నేను కాపాడుకోవడానికి వాడుకున్నాను. కాపాడవలసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. నా మౌనం తిన్నగా ఆమె వైపే వేలు చూపించింది. లెక్చరరు గారు నన్ను మెచ్చుకోలుగా చూశారు. విలువలున్న విలేకరి అనుకుని ఉంటారు.

ఆమె ఇంటర్న్‌షిప్ రద్దు చేశారు. మళ్లీ మరుసటి ఏడాది పిల్లలతో చేయమన్నారు. చేసింది. ఈలోగా విశాఖలో పీజీ సీటు పోయింది. ఇక చదివింది చాలన్నాడు వాళ్ల నాన్న. ఆ మాట నాతోనే అన్నాడు, నా ఇంట్లో కూర్చుని. ఆయ్ అన్నాను.

కుమారి ఇప్పుడు రాజోలులో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. మొన్న ఆమె అక్కడుందని తెలియక వెళ్లాను. కుర్చీ వేసింది. బాగున్నారాండీ అంది. మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగింది. పంచెలు చూపించింది. ఆ రోజు గురించి ఏమీ అడగలేదు. తెలిసే అడగలేదా, డెస్క్ వాళ్లే వేశారన్న నా మాట ఇప్పటికీ నమ్ముతోందా? తేల్చుకునే ధైర్యం లేక, అక్కరలేని పంచె ఒకటి తీసుకుని వచ్చేశాను.

మేరీ వాళ్లను వెతుకుదామంటే ఎలా వెతకాలి? పేర్లు చెప్పి అడగాలి, ఫోటో చూపించాలి. నేను చేసిన పనే మళ్లీ చేయాలి. వాళ్లు బతికి ఉంటే నేను చేయగలిగిన మేలు వెతకకుండా ఉండడమే. క్షమాపణ ఎవరికి పంపాలో తెలియకపోవడం కంటే, పంపడమే వాళ్లకు ముప్పు కావడం నన్ను ఎక్కువ నలిపేస్తోంది.

పోయిన నెల ధైర్యం చేసి కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ మారిపోయారు. పాత సంగతి ఎత్తేసరికి, ఆ అమ్మాయి సర్టిఫికెట్ ఇచ్చేశాం కదండీ, ఇప్పుడదంతా ఎందుకండీ అన్నారు మర్యాదగా. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ఆయన లేచి నిలబడ్డారు. నేనూ లేచాను.

ఇక్కడ కూడా నా పేరు పెట్టలేదు. అందరి పేర్లూ అచ్చు వేసినవాణ్ణి నా పేరు దాచుకుంటున్నాను. దీనివల్ల కుమారి మీద పడ్డ మచ్చ పోదని తెలుసు. అయినా రాస్తున్నాను. ఆ వార్తలో పేర్లు ఆ అమ్మాయి ఇవ్వలేదు. నేనే వెళ్లి, అడిగి, రాసుకుని, పంపాను. ఈ మాట కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.