నిండు బండి కొలత

మా బావమరిదిని వీధంతా సైలెన్సర్ అని పిలుస్తుంది. కార్ల కింద పొగగొట్టాలు వంచి బిగించడం అతని పని. ఎన్ని బండ్ల నోళ్ళు మూయించాడో లెక్కలేదు గానీ, తన నోరు మాత్రం ఎవరూ మూయించలేకపోయారు.

అతని షాపు ఒకే ఒక గది. ఒక పక్క దర్జీ, మరో పక్క మంగలి. లోపల గోడ పొడుగునా పైపులు, మూలన గ్యాస్ సిలిండర్లు, వాకిట్లో ఒక డ్రమ్ము ఇసుక. ఆ ఇసుక ఎందుకని అడిగితే అతనికి పండగే. ఉత్త పైపును వంచితే లోపలి వైపు ముడతలు పడి నలిగిపోతుంది. ఇసుక దట్టించి, రెండు కొసలా బిరడాలు బిగించి వంచితే గుండ్రంగా తిరుగుతుంది. అయితే ఇసుకలో తడి ఉండకూడదు. ఉంటే మంట తగలగానే ఆవిరి పుట్టి బిరడాను తన్నేస్తుంది. ఒకసారి అలా లేచిన కర్ర బిరడా మంగలి షాపులోకి దూసుకెళ్ళి, గెడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి నోట్లో చుట్టను ఎగరగొట్టి, తాను ఆ చోట కూర్చుంది. ఆయన రెండు దమ్ములు లాగాక గానీ తేడా కనిపెట్టలేదు. నమ్మకపోతే ఆయన్నే అడగండి. పోయి చాలాకాలమైంది, అయినా అడగండి.

అప్పటినుంచి ఇసుకను వేరుశనగల్లా వేయించి మరీ వాడతాడు. వేయించే బాణలి మా ఆవిడది. తమ్ముడు అడిగాడని మురిసిపోయి ఇచ్చింది. తిరిగొచ్చాక అందులో ఏం వండినా పళ్ళ కింద గరగరమంటోంది.

ఇక మంట పట్టుకున్నాడంటే చూడాలి. ఒకేచోట నిలపకుండా పైపు చుట్టూ తిప్పుతూ కాలుస్తాడు. నలుపు కాస్తా ముదురు ఎరుపై, పండుమిరపకాయ రంగుకు వచ్చేదాకా కన్నార్పడు. ఒక కొస బల్లకు బిగించి ఉంటుంది. రెండో కొసను మందపాటి తొడుగులు వేసుకున్న చేతులతో పట్టుకుని, నిద్రపోయే పసిబిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నంత నెమ్మదిగా తిప్పుతాడు. రోజు మొత్తంలో అతను మాట్లాడనిది ఆ కాసేపే. ఇనుము వంగే చప్పుడు వినాలట. నాకు ఎప్పుడూ వినిపించలేదు.

మా అమ్మాయికి ఒక పాత కారుంది. చిన్నపిల్లల బడికి పిల్లలను తీసుకెళ్ళి దింపుతుంది, తీసుకొస్తుంది. దాని సంసారం ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తోంది. ఆ కారు పొగగొట్టం తుప్పు పట్టి చిల్లులు పడితే మేనమామ దగ్గరికి తెచ్చింది. అతను కారును ఇనప స్టాండ్ల మీదికి ఎత్తి, కింద దూరి, పైపు వెళ్ళాల్సిన దారంతా ఒక తీగను వంచి కొలత తీసుకున్నాడు. వెనక ఇరుసు పైనుంచి దాటే వంపు చాలా కష్టమైనది. దాన్ని కాల్చి, వంచి, బిగించి బయటికొచ్చాడు.

"చూడు బావా, నేను బిగించినట్టుందా, బండితో పాటు పుట్టినట్టుందా?"

"నీ డప్పు నువ్వే కొట్టుకుంటే మేమేం కొట్టాలిరా?" అన్నాను. కానీ నిజంగానే పుట్టినట్టుంది.

మర్నాడు పిల్లలను బడిలో దింపగానే అమ్మాయి నేరుగా షాపుకొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"మావయ్యా, గతుకు వస్తే చాలు, కింద ఎవరో సుత్తితో బాదినట్టు ఢామ్మంటోంది. పిల్లలు జడుసుకుని ఏడుపు. పెద్ద టీచర్ గేటు దగ్గరే నిలబెట్టి చెప్పేసింది. రేపు కూడా ఇలాగే మోగితే వేరే బండి చూసుకుంటారట."

"నా పైపు మోగుతుందా? పద."

ఇద్దరూ ఒక చుట్టు తిరిగొచ్చారు. బండి కిక్కురుమనలేదు.

"నీ చెవులు చూపించుకో అమ్మడూ. పైపు పిల్లిలా ఉంది."

"పిల్లలు దిగాక నాకూ వినిపించదు మావయ్యా. నేను అబద్ధం చెబుతానా?" అంది.

అతను ఏదో అనబోయి ఆగిపోయాడు. చేతిలో మంట లేకుండా మా బావమరిది నోరు మూయడం నేను చూడటం అదే మొదలు. కారు చుట్టూ తిరిగాడు. వెనక భాగాన్ని రెండు చేతులతో అదిమి వదిలాడు. అది కిందికి దిగి లేచింది.

"తప్పు నాదే అమ్మడూ. బండిని ఎత్తి పెట్టి కొలిచాను. అలా పెడితే చక్రాలు వేలాడి ఇరుసు కిందికి జారుతుంది. జనం ఎక్కితే బండి కూర్చుంటుంది, ఇరుసు పైకొచ్చి పైపును గుద్దుతుంది. ఇన్నాళ్ళూ ఒకరిద్దరు తిరిగే బండ్లకు చెల్లిపోయింది. కడుపు మాడ్చుకుని కొలతలిచ్చి, భోంచేశాక చొక్కా తొడుక్కున్నట్టయింది."

ఆ పోలికకు పక్కనున్న దర్జీ తల ఊపాడు. ఊపినందుకు దొరికిపోయాడు. "నువ్వెక్కు. బావా, నువ్వూ ఎక్కు. అక్కను పిలిపించండి. నాకు బరువులు కావాలి."

మా ఆవిడ వస్తూనే అందుకుంది. "నన్ను బరువు అన్నావట, ఏంట్రా?"

"ఛ, బరువు బావ. నువ్వు కొలతవక్కా."

చక్రాల కింద మందపాటి దుంగలు పెట్టి కారును వాటి మీద నిలబెట్టాడు. బరువంతా చక్రాల మీదే ఉండాలట. మేము ఎక్కాం. మంగలి కూడా ఎక్కాడు, సగం గీసిన గెడ్డంతో అతని బేరమూ ఎక్కింది. బండి మూలుగుతూ కూర్చుంది. మా బావమరిది తీగ పట్టుకుని కింద దూరాడు.

మా ఆవిడ బిగుసుకుపోయింది. "కింద నా తమ్ముడున్నాడు. ఎవరూ కదలకండి."

"ఊపిరి పీల్చక్కా! నువ్వు బిగపట్టుకుంటే నాకు భయమేస్తోంది" అని కిందనుంచి కేక. "కొంచెం వెనక్కి జరుగు. బావా, నువ్వు ఎలాగైనా కూర్చో, నీ వల్ల ఒరిగేదేం లేదు."

నిన్న బిగించిన పైపునే కాల్చి సరిచేయొచ్చు కదా అన్నాను. ఒప్పుకోలేదు. వంగిన చోటే మళ్ళీ కాల్చి చాపితే పలచబడుతుందట, పిల్లలెక్కే బండికి అలాంటిది కట్టనన్నాడు. కొత్త పైపు తీశాడు. ఇసుక వేయించాడు, పోశాడు, సందు లేకుండా సర్దుకునేదాకా సుత్తితో తట్టాడు. మంట వెలిగించాడు. అమ్మాయి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడింది. వీధిలో హారన్లు మోగుతున్నా లోపల మాత్రం బడి వదిలేశాక తరగతి గదిలా ఉంది. ఎర్రబడిన ఇనుము అతని చేతుల వెంట మెల్లగా తిరిగింది. వంపు తీగ మీద పెట్టి చూశాడు. తీగ కనిపించలేదు, పైపు వెనక దాక్కుంది.

బిగించాక మళ్ళీ అందరినీ ఎక్కించి, కాలవ కోసం తవ్వి వదిలేసిన వీధికి తీసుకెళ్ళాడు. అమ్మాయి నడిపింది. అతను వెనక సీటు ముందు మా కాళ్ళ మధ్య పడుకుని, చెవి బండి అడుగుకు ఆనించాడు. మొదటి గొయ్యి, ఏమీ లేదు. రెండో గొయ్యిలో ఠంగుమంది.

అమ్మాయి బ్రేకు తొక్కింది.

"అది నా అన్నం డబ్బా" అన్నాడు దర్జీ.

"దించేయండి వాణ్ణి!" అని అరిచింది మా ఆవిడ.

మర్నాడు పొద్దున పెద్ద టీచర్ గేటు దగ్గర అటు తిరిగి నిలబడి ఉందట. పిల్లలు దిగి "గుడ్ మార్నింగ్" అని అరిస్తే ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చారు? చప్పుడే లేదే!" అందట. అమ్మాయి ఫోనులో అది చెబుతూ నవ్వింది, కాస్త ఏడ్చింది కూడా. వేరే బండి మాట మళ్ళీ రాలేదు.

మా బావమరిది ఇప్పుడు ఖాళీ బండికి కొలత తీయడు. ఆ తప్పు పైపును గుమ్మానికి తగిలించి, వచ్చిన ప్రతివాడికీ తన పొరపాటును కూడా ప్రతాపంలాగే చెబుతాడు. మంగలి షాపుకు వచ్చేవాళ్ళు గెడ్డం గీయించుకునే ముందు కాసేపు ఏదో ఒక కారులో కూర్చోక తప్పడం లేదు. నిన్న మాకు కబురొచ్చింది.

"బావా, పెద్ద వ్యాను వచ్చింది. అక్కకు రేపు తీరికేనా? నువ్వు రానక్కర్లేదు."

మా ఆవిడ అప్పుడే మంచి చీర తీసి పెట్టుకుంది.