మా బ్యాగుకు కాపలా

ఆ రోజుల్లో భయం కూడా ఒక శాస్త్రమేననీ, తిరుపతిలో కూర్చుని దాన్ని కొలిచెయ్యవచ్చనీ నాకు గట్టి నమ్మకం. ఎమ్మే ముగించి, విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన ప్రజాభద్రతా పరిశోధనలో సహాయకుడిగా చేరాను. ఉగ్రవాదం ఒక్క శాఖకు లొంగే సమస్య కాదని మనస్తత్వం, సమాజం, గణాంకం మూడు శాస్త్రాల ప్రొఫెసర్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టారు (ఫ్యాను ఒకటే, అదీ గణాంకాల సారు వైపే తిరిగి ఉండేది). మా నాయన మాత్రం కనపడినవాళ్ళందరికీ "మావోడు టెర్రరిస్టుల్ని పట్టుకునే డిపార్టుమెంటులో ఉండాడప్పా" అని చెప్పుకునేవాడు. నిజానికి నాది తాత్కాలిక ఉద్యోగం. మొదటి ప్రయోగం గట్టెక్కితేనే పొడిగిస్తామన్నారు.

ప్రయోగమేమిటంటే, పోలీసుల అనుమతితో బస్టాండులో ఒక బ్యాగు వదిలేసి, జనం ఎంతసేపటికి అనుమానపడి కబురు చేస్తారో గమనించడం. బ్యాగు సర్దింది మనస్తత్వం సారు. లోపలేముందని అడిగితే "నీకు తెలిస్తే నీ చూపు మారిపోతుందయ్యా, పరిశీలకుడికి తెలియకూడదు" అన్నాడు. అబ్బ, ఎంత శాస్త్రీయం అని మురిసిపోయాను.

పుత్తూరు బస్సులు ఆగేచోట బెంచీ కింద బ్యాగు పెట్టి, స్తంభం చాటున పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చింది. వడమాలపేటకు పోవాలట. బ్యాగును చూసింది. నేను గడియారం చూసుకున్నాను. ఆమె చుట్టూ చూసి, "ఎవురిదప్పా ఈ బ్యాగు? యాత్రకొచ్చినోళ్ళు స్నానానికి పోయినట్టుండారు పాపం" అంటూ దాన్ని లాగి ఒళ్ళో పెట్టుకుంది! (కొండకొచ్చినవాళ్ళు పక్కవాళ్ళకు సామాను అప్పజెప్పి పోవడం మా ఊళ్ళో రోజూ ఉండేదే. ముగ్గురు ప్రొఫెసర్లకూ అది తట్టలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకూ తట్టలేదు.)

బస్సు వచ్చింది. కండక్టరు పిలిస్తే "బ్యాగు గలోళ్ళు రానీ నాయనా" అంది. ఆ బస్సు పోయింది, తర్వాతదీ పోయింది. నా ఉద్యోగం కూడా వాటివెనకే పోతున్నట్టనిపించి, పేపరు పైనుంచి మాటిమాటికీ తొంగిచూశాను. ఆమె పట్టేసింది.

"ఓయ్, ఆ స్తంభం కాడోణ్ణి సూడండి! వచ్చినప్పుట్నించీ ఈ బ్యాగునే సూస్తా ఉండాడు. పట్టుకోండప్పా!"

ఎవరో నా కాలరు పట్టుకున్నారు. ముందే చెప్పి ఉంచిన కానిస్టేబులు భోజనానికి పోయాడు. "అమ్మా, ఆ బ్యాగు నాదే" అన్నాను.

"నీదైతే లోపలేముండాదో సెప్పు."

ఏం చెప్పను? పరిశీలకుడికి తెలియకూడదాయె! చివరికి కాళ్ళావేళ్ళా పడి సారుకు ఫోను చేస్తే "రెండు దిండ్లు" అన్నాడు. జిప్పు తీశారు. పువ్వుల గలీబులతో రెండు దిండ్లు. బస్టాండంతా ఒకటే నవ్వు.

ఆమె నవ్వలేదు. "దిండ్లకు కాపలా కాసి రెండు బస్సులు పోగొట్టుకుంటినే! ఆడ నా మనవరాలు ఎదురుసూస్తా ఉంటాది" అని తిట్టింది. అంతలో నా మొహం చూసి నలిగిన కాలరు సర్దింది. "బెదిరిపోయినావా నాయనా? కూసో, ఇన్ని నీళ్ళు తాగు." నాకు ఏడుపొచ్చింది.

ఆమెను నివేదికలో ఎక్కడ వేయాలో తేలలేదు. ఒకరు అజాగ్రత్త అన్నారు, ఒకరు నమ్మకం అన్నారు, గణాంకాల సారు ఆమెను తీసెయ్యమన్నాడు. వాళ్ళ వాదన తెగలేదు గనక నా ఉద్యోగం పొడిగించారు.

ఇప్పుడు నేనే ప్రజాభద్రత మీద పాఠాలు చెబుతున్నాను. మొన్న గూడూరు స్టేషనులో ఒకాయన "సార్, కొంచెం చూస్తా ఉండండి" అని బ్యాగు నా పక్కన పెట్టి, నేను నోరు తెరిచేలోగా చంటిపాపను ఎత్తుకుని పాల కోసం వెళ్ళిపోయాడు. అపరిచితుల సామాను ముట్టుకోవద్దని పైన మైకు చెబుతూనే ఉంది. అది చెప్పేది నిజమే, నేను క్లాసులో చెప్పేదీ అదే. నా రైలు వచ్చింది. ఆయన రాలేదు. రైలు కదిలింది.

బ్యాగు మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాను. ఎదురుగా స్తంభం పక్కన ఒక కుర్రాడు పేపరు చదువుతున్నాడు. వాడి మీద ఒక కన్నేసి ఉంచాను.