వింకా తన తోడికోడలికి అప్పగించిన పని

ఆస్ట్రేలియాలోని మా స్వాన్ లోయలో వింకా, మిల్కా తోడికోడళ్ళు. మామగారు వీలునామా రాయకుండా పోవడంతో అన్నదమ్ములు ద్రాక్షతోట పంచుకోవడానికి కోర్టుకెక్కారు. పెద్దకోడలు మిల్కా బోరుబావి దగ్గర జానెడు నేల కూడా వదల్లేదు. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. చర్చిలో కూడా చెరోవైపు కూర్చునేవారు.

వింకా భర్త ఫ్రానెకి మతిమరుపు జబ్బు వచ్చింది. వింకా అతన్ని ఇంట్లోనే ఉంచుకుని చూసింది. అతను కొట్టేవాడు, తోటలోకి పారిపోయేవాడు. సాయానికని కూతురు తెరేజా పెర్త్‌లో టీచరు ఉద్యోగం మానుకుని వచ్చింది. తండ్రి పోయి ఆమె తిరిగి వెళ్ళేసరికి మొగుడు ఇంకొకామెతో మరో ఇల్లు పెట్టేశాడు. ఆ సంగతి వింకా ఎవరి దగ్గరా ఎత్తలేదు, మరిచిపోనూ లేదు.

కొన్నేళ్ళకి తనకీ మాటలు తడబడడం మొదలైంది. డాక్టరు అదే జబ్బు పేరు చెప్పాడు. మర్నాడు వింకా గట్టు దాటి మిల్కా తోటలోకి వెళ్ళింది.

తీగలు కత్తిరిస్తున్న మిల్కా తల ఎత్తలేదు. "ఏం, మిగిలిన ముక్క కూడా నాకు రాసిద్దామని వచ్చావా?"

"నన్నే అప్పజెబుదామని వచ్చానక్కా," అంది వింకా. "నాకు బుద్ధి తప్పాక నేనెక్కడుండాలో నువ్వే చెప్పాలి. వృద్ధాశ్రమంలో పెట్టు. ఏడుస్తాను, కాళ్ళు పట్టుకుంటాను. తెరేజా అయితే కరిగిపోయి మళ్ళీ ఇల్లే పట్టుకుని కూర్చుంటుంది. నువ్వు కరగవు."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"రెండూను."

లాయరు హాలొరన్ మిల్కాని బయట కూర్చోబెట్టి, వింకాతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. ఎవరైనా బలవంతపెడుతున్నారా అని తిప్పితిప్పి అడిగింది. ఇప్పుడైతే మనసు మార్చుకోవచ్చనీ, బుద్ధి తప్పాక వద్దన్నా ఆ మాట నిలవకపోవచ్చనీ హెచ్చరించింది. అందుకే వచ్చానంది వింకా. ఆస్తి, డబ్బు వ్యవహారాలు తెరేజాకి, తను ఉండే చోటు నిర్ణయించే హక్కు మిల్కాకి రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టింది. ఈ సంగతి విన్న తెరేజా తల్లితో చాలా రోజులు మాట్లాడలేదు.

రెండేళ్ళు గడిచాయి. మాకు చలికాలమైన జూలైలో ఒక ఉదయం, మంచు పడిన తోటలో వింకా ఒట్టికాళ్ళతో ఫ్రానెని వెతుకుతూ దొరికింది. తెరేజా మళ్ళీ సంపాదించుకున్న ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చేసింది. ఆ వారంలోనే మిల్కా వచ్చి వింకా బట్టలు సర్దమంది.

"అమ్మని నేను చూసుకుంటాను పెద్దమ్మా. నీకేం పట్టింది?"

"నాకేం పట్టలేదు. మాటిచ్చాను," అంది మిల్కా.

వింకా గుమ్మం పట్టుకుని వదల్లేదు. "అక్కా, నేనేం తప్పు చేశాను?" అని చిన్నపిల్లలా అడిగింది. మిల్కా ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. తెరేజా చూడలేక కారు వెనక్కి వెళ్ళి నిలబడింది. కారు నడిపింది పొరుగు తోటలో ఉండే నేనే.

ప్రతి ఆదివారం మిల్కా అత్తిపండ్ల మురబ్బా పట్టుకుని ఆశ్రమానికి వెళ్ళేది. వింకా కూతురి పేరు మరిచింది, తన పేరూ మరిచింది. మిల్కాని మాత్రం గుర్తుపట్టేది. "వచ్చావా, నన్ను ఇక్కడ పారేసినదానా," అని గిన్నె విసిరికొట్టేది. మిల్కా నేల తుడిచి, కాసేపు కూర్చుని వచ్చేది.

ఒకసారి మాత్రం లాయరు దగ్గరికి వెళ్ళి, వింకాని తన ఇంటికే తెచ్చుకోవచ్చా అని అడిగిందట. "తేవచ్చు, నిర్ణయం మీదే. కానీ తెలివి ఉన్నప్పుడు ఆవిడ ఏం కోరిందో అదీ చూడాలి కదా," అందట హాలొరన్. మిల్కా ఒక్కతే ఇంటికి వచ్చేసింది.

మరుసటి చలికాలంలో వింకా ఆశ్రమంలోనే పోయింది. తెరేజాకి ఉద్యోగం నిలబడింది. తోట కౌలుకిచ్చి పెర్త్‌లోనే ఉంటూ, ఆదివారాలు తల్లి సమాధి దగ్గరికని వచ్చి పది గంటల ప్రార్థనకి కూర్చుంటుంది. పెద్దమ్మని పలకరించదు.

చేసింది సరైనదేనా అని మిల్కాని నేనొకసారి అడిగాను. తెలియదంది. ఇప్పుడామె తెల్లవారుజాము ప్రార్థనకే వెళ్ళి, తెరేజా వచ్చేలోగా ఇంటికి చేరుకుంటుంది.