మనవరాలి దగ్గుకు ఒకటే జవాబు

ఈ పరాయి దేశంలో, టార్నీట్ అనే పేటలో, మా అమ్మాయి ఇంటి దగ్గరి క్లినిక్ డాక్టరుగారు మహా తెలివైనవారు. నాలుగేళ్ళ మా మనవరాలికి ఏం వచ్చినా ఆయన దగ్గర జవాబు సిద్ధం: పిల్లకు పుట్టుకతోనే ఉన్న డౌన్ సిండ్రోమ్. దగ్గెందుకు? డౌన్స్. తిన్నది కక్కుతోందెందుకు? డౌన్స్. అడిగితే నా బట్టతలకూ అదే కారణమనేవారేమో.

ఇంట్లో మేమూ తక్కువేం తినలేదు. అన్నం తిన్నాక పడుకోబెడితే పిల్ల లేచి కూర్చునేది. "నో బెడ్, తాతా!" అని నా భుజానికి ఆనుకుని కునికేది.

"డౌన్స్ పిల్లలకి మొండితనం ఎక్కువట నాన్నా, నువ్వు గారాబం చెయ్యకు" అనేది మా అమ్మాయి. నేనూ శ్రద్ధగా 'ఈ రోజూ మొండికేసింది' అని డైరీలో రాసుకునేవాణ్ణి. క్రమం తప్పకుండా పొరబడటం కూడా ఒక క్రమశిక్షణే.

చలికాలంలో ఆయాసం ముదిరితే పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాం. క్లినిక్ వాళ్ళు తీయించిన పాత ఎక్స్‌రేలో, ఛాతీలో కనిపించిన మచ్చకు నిమోనియా అని పేరుపెట్టి ఉంది. అక్కడి డాక్టరమ్మ పిల్లను పక్కకు తిప్పి ఇంకొకటి తీయించింది. రొమ్ము ఎముక వెనకాల పేగు దర్జాగా కాపురం పెట్టి ఉంది! ఛాతీకీ కడుపుకీ మధ్య పొరలో పుట్టుకతోనే కంత ఉందట. పడుకుంటే పేగు ఇంకా పైకి జరుగుతుంది కనుక పిల్ల కూర్చునేది. డౌన్స్ ఉన్న పిల్లల్లో ఇది ఆలస్యంగా బయటపడటం మామూలేనట. కారణం ముందే తెలిసిపోయాక ఎవరు వెతుకుతారు?

ఆపరేషన్ చేయకపోతే పేగు మెలిపడి ప్రాణం మీదికి వస్తుందన్నారు. పార్కులో నాతో నడిచే పెద్దమనిషి జాలిపడ్డాడు.

"అలాంటి పిల్లకి ఇంత కోత అవసరమా అన్నగారూ? దేవుడికి వదిలెయ్యండి."

"మీ మోకాలిని దేవుడికే వదిలారా?" అన్నాను. ఆయన కొత్త మోకాలితో చాలా వేగంగా వెళ్ళిపోయాడు.

పిల్లకు పసితనంలోనే గుండెలో కంత ఉంటే కుట్టించాం; మత్తు ఇచ్చేముందు ఆ గుండెను మళ్ళీ పరీక్షించారు. ఆపరేషన్ గది బయట మా అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. నాకు ఒక్క ఎత్తిపొడుపూ తోచలేదు.

చివరికి సర్జన్ బయటికొచ్చి, పేగును కిందికి దించి కంతకు అతుకు వేశామన్నాడు. ఈ పిల్లల్లో అతుకు విడిపోయే అవకాశం కొంచెం ఎక్కువ, జాగ్రత్తగా ఉండమన్నాడు.

"మళ్ళీ దగ్గొస్తే, అది ఉత్త దగ్గో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది మా అమ్మాయి.

"ఎక్స్‌రే తీసి చూడాలి" అన్నాడు.

చూడాలట! ఇంత ఆధునిక వైద్యం మా పేటకింకా రాలేదు.