పైచెరువు దారిలో తిప్పిన రాయి

ఒక రాయిని చాలా ఏళ్ళు మోశాను. అరచేయంత పలకరాయి. మీరు నవ్వుతారు. నవ్వండి. నేనూ ఎన్నోసార్లు నవ్వుకున్నాను, బట్టలు ఆరేస్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని. కానీ ఆ నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేది. చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఇప్పుడు మీకు మొదటినుంచీ చెబుతాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే నోరు పెగులుతోందేమో.

తొంభైల్లో మాట. అప్పుడు మాది పుంగనూరు. రోజూ బస్సెక్కి మదనపల్లెకు పోయి టైపు నేర్పేదాన్ని. మా వీధి చివర గంగులప్ప మామకు ఫోటో స్టూడియో ఉండేది. ఆయన నాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ మామే. యాభై దాటిన మనిషి, ముందుకొచ్చిన పొట్ట, వీధి మొత్తానికీ వినిపించే గొంతు. ఎవరైనా ఫోటోకు బిగుసుకుని కూర్చుంటే, "ఏమప్పా, కోర్టుకొచ్చినట్టుండావే!" అని నవ్వించి, ఆ నవ్వు ఆరిపోకముందే నొక్కేవాడు.

ఏటా వానలు వెనకపట్టాక ఒకరోజు స్టూడియో మూసి, వచ్చేవాళ్ళందరినీ వ్యానులో ఎక్కించుకుని, కుప్పం వైపు అడవిలో ఉన్న కొండకు తీసుకుపోయేవాడు. రాళ్ళ మధ్య నుంచి నడిచిపోతే ముందు జలపాతం వస్తుంది. అక్కడి పల్లెలవాళ్ళు దాన్ని దుముకు అంటారు. అందరూ తడిసి, అరిచి, ఫోటోలు దిగేది అక్కడే. అసలు నడక ఆ తర్వాత. దుముకు పక్కనుంచి నిట్టనిలువుగా ఎక్కిపోతే కొండ నెత్తిన పైచెరువు. మూడు వైపులా నల్లటి రాతిగుండ్లు, మధ్యన నీళ్ళు. ఎండ నడినెత్తిన ఉన్నా అందులో కాలు పెడితే ఒళ్ళు ఝల్లుమంటుంది. మబ్బు దిగితే అవతలి గట్టు కనబడదు. మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడమంటే చిన్న విషయం కాదు.

పైచెరువుకు ఎవరు ముందు చేరితే వాళ్ళ ఫోటో పెద్దది చేసి, మళ్ళీ ఏడాది దాకా స్టూడియో ముందున్న అద్దాల బీరువాలో పెట్టేవాడు మామ. అంతే బహుమతి. కానీ ఆ బీరువా బస్టాండుకు పోయే దారిలో ఉండేది. ఊరంతా చూసేది. నాకు ఆ ఫోటో కావాలి. ఎంతగా కావాలో ఎవరికీ చెప్పలేదు, ఆడపిల్లకు ఇదేం పిచ్చి అంటారని. రెండేళ్ళు వరసగా రెండోదాన్నయ్యాను. ఆ రెండేళ్ళూ నన్ను ఓడించిన మనిషి ఉద్యోగం దొరికి బెంగుళూరుకు పోయాడు. ఈసారి నాదే అనుకున్నాను.

అప్పుడొచ్చాడు వెంకటరమణ. బట్టలంగడిలో కొత్తగా చేరిన సేల్స్‌మన్. తంబళ్లపల్లె పక్క పల్లెవాడు, చిన్నప్పుడంతా గొర్రెల వెంట గుట్టలెక్కిన కాళ్ళు. వ్యాను దిగినప్పటి నుంచీ ఈలలు వేసుకుంటూ మా అందరినీ దాటేసి నడిచాడు. అతని వెంట వాళ్ళక్క రాజమ్మ. బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. అందరికీ సరిపోయే పులిహోర, బెల్లం ఓళిగలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని వచ్చింది, మోస్తామన్నా ఎవరికీ ఇవ్వనంది.

దుముకు దగ్గర రాజమ్మక్క కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. వెంకటరమణ పక్కన నిలబడి గింజుకుంటున్నాడు. నాకదే సందు. ఎవరికీ చెప్పకుండా పైకి బయలుదేరాను.

కొంతదూరం ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. ఎడమది పైచెరువుకు. కుడిది అడవిలోకి దిగిపోతుంది. అక్కడ ఒక గుండు మీద మామ ముందురోజే వచ్చి, సున్నంతో బాణం గీసిన పలకరాయి పెట్టి పోయేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కూడా దారి తప్పలేదని ఆయన గర్వం. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన పొట్ట ఇంకొంచెం ముందుకొచ్చేది.

నేను ఆ గుండు దగ్గరికి చేరేసరికి వెనక ఈల వినబడింది. దగ్గరగానే. వచ్చేస్తున్నాడు.

రాయి తిప్పాను.

ఆలోచించానా? ఆలోచించాననే అనుకుంటాను. ఆలోచన లేకుండా చెయ్యి ఆడింది అని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది, కానీ అది అబద్ధం. రాయి కదలకుండా సరిగ్గా కూర్చోబెట్టాను కూడా. కొంచెం దూరం పోయి, చెరువు కనబడక, తిట్టుకుంటూ వెనక్కి వస్తాడు, ఈలోగా నేను పైనుంటాను, అంతే కదా అనుకున్నాను. వాళ్ళక్క కూడా అతనితో వస్తుందని అనుకోలేదు. ఆ కుడి దారి ఎక్కడా ఆగదని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

పైచెరువు గట్టున మొదట నిలబడింది నేనే. కాసేపటికి మామ పాటలు పాడుకుంటూ మిగతావాళ్ళతో వచ్చాడు. ఆయనకు దారి కాళ్ళకే తెలుసు, రాయి వైపు చూడనే లేదు. నన్ను చూసి చప్పట్లు కొట్టి, మబ్బు వెనక పెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటోలో నేను నిజంగా చాలా బాగుంటాను. అది కూడా ఒప్పుకోవాలి.

ఆ తర్వాత ఆకలేసింది. పులిహోర యాడ అన్నారెవరో. రాజమ్మక్క యాడ అన్నారు ఇంకొకరు. వాళ్ళక్క కూడా ఆ దారే పట్టిందని నాకప్పుడు తెలిసింది.

మామ వెనక్కి పరిగెత్తాడు. వెంట నేనూ. దారి చీలిన చోట గుండు ముందు ఆగిపోయాడు. బాణం కుడివైపు చూపిస్తోంది. వంగి పలకనూ, దాని కిందనూ చూశాడు.

"నేనే తప్పు పెట్టినానా పాపా?" అన్నాడు.

ఆయన అడిగింది నన్నే. అక్కడ ఇంకెవరూ లేరు. ఔను కాదు అన్న రెండు మాటల్లో ఒకటి చెబితే చాలు. నేను మూడోది వెతికి చెప్పాను.

"పొరపాటు ఎవురికైనా అయితాది మామా."

రాయి తిప్పినప్పుడు నా గుండె అంత గట్టిగా కొట్టుకోలేదు. ఈ మాట అన్నప్పుడు కొట్టుకుంది. పోటీలో దొంగాట ఆడిన పిల్ల అక్కడితో ఆగి ఉంటే క్షమించుకోగలిగేదాన్నేమో. ఓదార్చినట్టు నటిస్తూ నా తప్పు తీసి ఆయన నెత్తిన పెట్టిన పిల్లను మాత్రం ఇప్పటికీ క్షమించుకోలేను.

అడవంతా పేర్లు పెట్టి అరిచాం. పొద్దు వాలే వేళకు, వ్యాను దగ్గరికి దుమ్ము రేపుకుంటూ ఒక ట్రాక్టరు వచ్చింది. దాని మీద పెళ్ళికూతురిలా రాజమ్మక్క. పక్కన ఈలలు మరిచిపోయిన వెంకటరమణ. రామకుప్పం వైపు ఏదో పల్లెలో తేలారట. అక్కడ రాగిచేను మంచె మీద కాపలా ఉన్నవాళ్ళు వీళ్ళను చూసి తిట్లు లంకించుకున్నారట, నిన్ననే ఏనుగులు దిగిన దారిలో ఎట్లొచ్చినారని. తిట్టినవాళ్ళే కూర్చోబెట్టి సంగటి పెట్టారు. ఈమె మూట విప్పి ఊరందరికీ పులిహోర పంచింది. కాలు మడతపడి కుంటుతూనే, "మీకు ఒక్క మెతుకు మిగల్లేదప్పా, ఏమనుకోవద్దండి!" అని మాకు చెప్పి పకపకా నవ్వింది. ఆకలితో చస్తున్న మేమూ నవ్వాం. మామ నవ్వలేదు.

ఆ తర్వాతి సంవత్సరం వానలు వెనకపట్టాయి. వ్యాను రాలేదు.

"నా బుర్ర మీద నాకే నమ్మకం లేదప్పా. జనాన్ని ఏనుగుల కాళ్ళ కింద యాల పెట్టేది?" అనేవాడు ఎవరడిగినా. స్టూడియోకు తాళం వేసి, వీధి మలుపు దాకా పోయి, మళ్ళీ వచ్చి లాగి చూసేవాడు. కెమెరాలో రీలు వేశానా లేదా అని భార్యను అడిగేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను, ఒకసారి.

ఇక నా ఫోటో సంగతి. కొత్త విజేత లేడు కదా, అది బీరువాలో అట్లాగే ఉండిపోయింది. ఏళ్ళకేళ్ళు. బస్టాండుకు పోతూ వస్తూ నన్ను నేనే చూసుకోవాల్సి వచ్చేది. మొదట్లో ఓరగా చూసి మురిసేదాన్ని. తర్వాత అవతలి వైపు నడవడం నేర్చుకున్నాను. ఇంతలో కుప్పం నుంచి వచ్చిన ఒకాయన ఉద్యోగం దరఖాస్తుకు ఫోటో దిగడానికి స్టూడియోలో అడుగుపెట్టి, ఈ అమ్మాయి ఎవరని అడిగాడు. మామ ఉత్సాహం చూడాలి! దరఖాస్తు సంగతి పక్కన పెట్టి నేరుగా మా ఇంటికి లాక్కొచ్చాడు. అట్లా కుదిరింది నా పెళ్ళి. పెళ్ళిలో ఫోటోలు కూడా ఆయనే తీశాడు. "ఏం పాపా, కోర్టుకొచ్చినట్టుండావే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిజంగానే కోర్టులో నిలబడినట్టే ఉన్నాను.

కుప్పంలో కాపురం పెట్టాను. మా ఆయన మంచివాడు, అత్తగారింట్లో లోటు లేదు. ఈ సుఖమంతా ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చినప్పుడల్లా తింటున్న కంచం పక్కకు నెట్టేదాన్ని. చెప్పేయొచ్చు కదా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. చెబితే మామ నన్ను చెడ్డదనుకుంటాడని భయం. చెప్పకపోతే మంచిదనుకుంటాడు. ఆ రెండోది ఇంకా భరించలేకపోయాను, కానీ అది తెలియడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

రెండువేల సంవత్సరం దాటాక, అందరి చేతుల్లోకీ కొత్తరకం కెమెరాలు వస్తున్న రోజుల్లో, మామ స్టూడియో మూసేశాడు. ఏదో పని మీద కుప్పం వచ్చి మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేశాను.

ఆయన నవ్వాడు. "నాకు తెలుసులే పాపా. ముసిలోడు బాధపడతాండాడని కత సెప్తాండావు."

"కత కాదు మామా. నిజంగా నేనే తిప్పినా."

"మంచిదానివిలే. కాఫీ ఇంకో రవ్వంత పొయ్యి."

తిడతాడని సిద్ధంగా ఉన్నాను. ఏడుస్తాడేమోనని కూడా. మెచ్చుకుంటాడని అనుకోలేదు. మా ఆయన మాత్రం నమ్మాడు. "అయితే నేను చూసి మనసుపడింది దొంగ ఫోటోనా!" అని తెగ నవ్వి, "పోయి ఆ చోటు చూపించు ఆయనకు," అన్నాడు.

మరునాడు పొద్దున్నే మామను బస్సెక్కించుకుని పోయాను. దుముకు దాటాం. గుండు అక్కడే ఉంది, పైన ఏమీ లేదు. అక్కడ నిలబడి, ఎప్పుడూ ఎవరికీ చెప్పని ముక్క చెప్పాను. నేను తిప్పినప్పుడు పలక ఊగింది. అది ఊగకుండా ఆయన కింద దోపిన నల్లరాయి ముక్క జారి ఎక్కడో పడిపోయింది. తొందరలో ఒక తెల్లరాయి ముక్క దొరికితే అది దోపాను.

మామ మొహంలో నవ్వు పోయింది.

"తెల్లరాయి," అన్నాడు మెల్లగా. "పలక తిరిగిందంటే ఏ మేకో తగిలిందనుకుందును. కింద తెల్లరాయి సూసినాక, నేను పెట్టిందే నాకు గుర్తు లేదే అనుకున్యా. అదే పాపా నన్ను సంపింది."

నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు నా పక్కనే ఉండావు గదా. యాల సెప్పలా?"

"భయమేసింది మామా."

"ఇన్నేండ్లూనా?"

ఆయన గుండుకు ఆనుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. "ఈపాటికి ఇంకా ఎన్నిసార్లు ఎక్కిందునో," అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

"ఎండెక్కుతాంది మామా, దిగిపోదామా?" అన్నాను.

"నువ్వు కావాలంటే దిగు," అని ఎడమ దారి పట్టాడు.

వెనకే నడిచాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగుతూ, మళ్ళీ ఎక్కుతూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు ఆయన. పైచెరువు రాగానే చెప్పులు విడిచి మోకాలి లోతుకు దిగి, చలికి చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. నన్ను పిలవలేదు. నేను గట్టునే కూర్చున్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు, పెదవుల మీద నవ్వు. క్షమించాననలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ అనలేదు.

మరుసటి ఏడాది వ్యాను బయలుదేరింది. నన్నూ రమ్మన్నాడు. దిగగానే అందరి ముందూ, "పాపా, నువ్వు అందరికంటే వెనక నడువు," అన్నాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. నాకయింది. వెనక నడిచాను.

వెనక నడిచేవాళ్ళలో రాజమ్మక్క కూడా ఉంది. ఎప్పటిలాగే ఏనుగుల కథ మొదలుపెట్టింది. మొదట్లో ఆమె చూసింది అడుగుజాడలే, ఇప్పుడు మూడు ఏనుగులయ్యాయి, ఒకటి తొండం కూడా చాపింది. నవ్వుతూ వింటున్నాను. విని ఊరుకోవచ్చు. ఈ మనిషికి నా మీద ఏ కోపమూ లేదు, ఏ అనుమానమూ లేదు.

"అక్కా," అన్నాను, "ఆ పొద్దు రాయి తిప్పి మిమ్మల్ని ఆ దారికి పంపింది నేను."

ఆమె నిలబడిపోయింది. నన్నే చూస్తోంది. ఆ మొహంలో ఏముందో నాకు తెలియలేదు. ఏమంటుందోనని వెతకలేదు కూడా. పైన దుముకు చప్పుడు వినబడుతోంది. నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.