అంకెలు మాత్రం చెప్పు నాన్నా

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి, లోకమంతా తన గురించి తెలుసుకోవాలని కాచుక్కూర్చుందన్న నమ్మకం ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకది కాస్త ఎక్కువ పాళ్ళలోనే ఉండేది. ఢిల్లీలో, జియా సరాయ్‌లో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గదిలో ఉండి సివిల్స్‌కి చదువుతున్నాను. వ్యక్తిగత గోప్యత మీద వ్యాసం రావచ్చని కోచింగ్ సారు అన్న పాపానికి, ఆ విషయం మీద దొరికిందల్లా చదివేశాను. (వ్యాసం రాసే మెట్టు దాకా నేనెప్పుడూ ఎక్కలేదు, ప్రిలిమ్స్ గుమ్మంలోనే ఆగిపోయాను, అది వేరే సంగతి.) కానీ చదివిన చదువు ఊరికే పోతుందా? పెద్ద పెద్ద కంపెనీలు నా అడుగులు లెక్కపెడుతున్నాయనీ, నా మాటలు వింటున్నాయనీ, రేపు నేనేం కొంటానో నాకంటే ముందే వాటికి తెలుసనీ ఒకటే బెంగ పట్టుకుంది.

వెంటనే రక్షణ చర్యలు మొదలుపెట్టాను. మందుల షాపులో ప్లాస్టర్ కొని ల్యాప్‌టాప్ కెమెరా మీద అంటించాను. నా గదిలో ఉండే కరీంనగర్ మిత్రుడు (అప్పటికి నాలుగోసారి రాస్తున్నాడు, అందరం కలెక్టర్ గారు అనే పిలిచేవాళ్ళం) దాన్ని చూసి, "ఏమైందిరా దీనికి, దెబ్బ తాకిందా? సూది గిట్ల ఇప్పించినవా?" అని పరామర్శించాడు. షాపుల్లో బిల్లు కొట్టే అమ్మాయి "సర్, మొబైల్ నంబర్?" అనగానే, చివరి రెండంకెలు తారుమారు చేసి చెప్పేవాణ్ణి. (ఆ నంబరు గల మహానుభావుడెవరో గానీ, నా సబ్బుల మీద డిస్కౌంట్ కబుర్లన్నీ ఆయనకే వెళ్ళి ఉంటాయి. క్షమించాలి.) ముఖ్యమైన సంగతులేవీ ఫోన్‌లో రాయొద్దనీ, మెట్రోలో పక్కపక్కన నిలబడి గట్టిగా తెలుగులోనే చెప్పుకోవాలనీ కలెక్టర్ గారికి నియమం పెట్టాను. ఢిల్లీలో తెలుగుని మించిన తాళం లేదని నా సిద్ధాంతం. ఆ ధీమాతో ఎదుటి సీట్లో పెద్దమనుషుల మీసాల గురించి కూడా విపులంగా చర్చించుకున్నాం.

రెండోసారి తప్పాక, ఈ పరీక్ష నా వల్ల కాదని తేలిపోయింది. ఘాజియాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగానికి రమ్మన్నారు. సరుకు లారీలు ఏ రోడ్డు మీద ఎక్కడున్నాయో రోజంతా కంప్యూటర్‌లో చూస్తూ కూర్చునే పని. (అవును, నేనే. ఏ డ్రైవరు ఎక్కడ టీకి ఆగినా నాకు తెలిసిపోయేది. అప్పట్లో నాకిది వింతగా తోచలేదు.) ఇంటర్వ్యూ రోజు, ఏమైనా సరే ఫోన్‌లో లొకేషన్ ఆన్ చెయ్యనని భీష్మించుకుని, దారి అడుగుతూ వెళ్ళాను. అక్కడ దారి అడిగితే దారొక్కటే చెప్పి ఊరుకోరు. "కహాఁ సే హో భయ్యా? కిత్‌నా పఢే హో? షాదీ హో గయీ?" అని ఊరూ, చదువూ, పెళ్ళీ అన్నీ ఆరా తీస్తారు. ఫోన్‌కి చెప్పనన్న నా జీవిత చరిత్రంతా ఒక పాన్ డబ్బా ఆయనకీ, ఇద్దరు రిక్షావాళ్ళకీ, మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆంటీకీ వివరంగా చెప్పుకుని, గంట ఆలస్యంగా చేరాను. అయినా ఉద్యోగమిచ్చారు.

ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. నాన్న టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ఆ శాఖలోనే రిటైరయ్యారు. నరసరావుపేటలో మా వీధిలో ఎవరైనా అడిగితే, "మావాడు ఢిల్లీలో చదువుతున్నాడండీ" అనేటప్పుడు ఆయన నడుము దానంతటదే నిటారుగా అయ్యేది. ఆ నడుము నా మాటతో వంగిపోవడం చూడలేననిపించింది. "ఎలా సాగుతోందిరా?" అంటే "సాగుతోంది నాన్నా" అనేవాణ్ణి. ఇవాళ కాదు, వచ్చే ఆదివారం చెబుదామనుకునేవాణ్ణి. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

చేరిన వారానికి ఆఫీసులో మేడమ్ పిలిచి, పీఎఫ్ కోసం ఆధార్ ఓటీపీ చెప్పమంది. మా ఊళ్ళో ఆధార్ తీసిన రోజున ఇంట్లో నలుగురికీ కలిపి ఉన్నది ఒకటే సెల్‌ఫోను, అదీ నాన్నది. నలుగురి కార్డులకీ ఆ నంబరే రాయించాం, మళ్ళీ మార్చుకున్న పాపాన పోలేదు. లోకంలోని కంపెనీలన్నిటికీ తప్పుడు నంబర్లిస్తూ తిరిగిన నేను, ఆఫీసు మెట్ల మీద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, నీకొక ఓటీపీ వస్తుంది. అంకెలు మాత్రం చెప్పు, మిగతాదేం చదవక్కర్లేదు."

"దేనికిరా?"

"పరీక్ష ఫారానికి."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని, ఒక్కో అంకె ఆగి ఆగి, రెండేసి సార్లు చదివారు. ఎంత తెలివిగా గట్టెక్కానో ఆ సాయంత్రం కలెక్టర్ గారికి చెప్పుకుని మురిసిపోయాను. ఆయన టీ తాగుతూ, "నువ్వు గూఢచారి శాఖల ఉండాల్సినోనివిరా" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, అశోకా రోడ్డులో మన పప్పూ గోంగూరా దొరికే క్యాంటీన్ ముందు పొడుగాటి వరుసలో నిలబడి ఉండగా నాన్న ఫోన్ చేశారు.

"ఏరా, ఒంట్లో బాగుందా?"

"బాగుంది నాన్నా."

"ఆఫీసులో?"

"ఏ ఆఫీసు?"

"అదేరా, ఘాజియాబాద్‌ది." నాన్న కాసేపు నసిగి, "ఆ ఓటీపీ చెప్పాక కంపెనీ పేరూ ఊరూ వేసి ఒక మెసేజి వచ్చిందిరా. అప్పట్నుంచీ ప్రతినెలా పదిహేనో తారీఖు అటూ ఇటూగా నీ పీఎఫ్ మెసేజి నా ఫోన్‌కి వచ్చేది. ఈసారి ఇరవై ఎనిమిదైనా రాలేదు. ఉద్యోగమేమైనా పోయిందేమో, చెప్పుకోలేక నీలో నువ్వే బాధపడుతున్నావేమోనని మనసు మనసులో లేదురా. అందుకని అడిగా. ఏమనుకోకు" అన్నారు.

ఏమనుకోను? (ఆఫీసులో ఆ పని చూసే ఆయన చెల్లెలి పెళ్ళికని కాన్పూర్ వెళ్ళి అక్కడే కూర్చున్నాడు, అంతే.) "నీకు మొదట్నుంచీ తెలుసా? ఐదు నెల్లు! మరి అడగలేదేం?" అని అరిచాను.

"నువ్వు చెప్పలేదుగా."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు. తర్వాత నన్ను ఊరడిస్తున్నట్టుగా, "ఎక్స్‌ఛేంజిలో బోర్డు దగ్గర కూర్చున్నన్నాళ్ళూ ఊళ్ళో అందరి కబుర్లూ చెవిన పడేవిరా. లైను కలిసిందో లేదో చూడాలంటే వినక తప్పదు. విన్నది అక్కడే వదిలేసి ఇంటికి రావాలి. మీ అమ్మక్కూడా చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట" అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. చదువు ఎప్పుడు మానేశానో, ఎందుకు మానేశానో, ఆయన తలెత్తుకు తిరగలేరేమోనని ఎంత భయపడ్డానో, అంతా గొంతెత్తి చెప్పేశాను. నాన్న "ఊఁ, ఊఁ" అంటూ విని, "పని చేసుకుంటున్నావు, అంతకంటే ఏం కావాల్రా నాకు" అన్నారు. ఫోన్ పెట్టేసి తలెత్తితే, ముందున్న పదిమందీ వెనకున్న పదిమందీ నావైపే చూస్తున్నారు. ఢిల్లీ మొత్తమ్మీద నిలబడ్డ ప్రతివాడికీ తెలుగొచ్చే వరుస అదొక్కటే. నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "మీ అమ్మగారికి కూడా ఇప్పుడే చెప్పెయ్ బాబూ. నీ చోటు నేను చూస్తాలే" అన్నాడు. వెనకనుంచి ఇంకెవరో "అవునవును" అన్నారు.

పక్కకొచ్చి మళ్ళీ నాన్నకే చేసి, అమ్మకిమ్మన్నాను. అమ్మ ఫోన్ అందుకుంటూనే, "ఏం చెప్పావురా ఆయనకి? ఫోను నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఇంత ఎండలో వీధిలోకెళ్ళి నిలబడ్డారు" అంది.

ఇప్పటికీ ఏ యాప్ అనుమతి అడిగినా వద్దనే నొక్కుతాను. అందులో తప్పేమీ లేదు, మీరూ అలాగే చెయ్యండి. కానీ ఆ ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి తలచుకుంటే నవ్వూ జాలీ కలిసి వస్తాయి. తన సంగతి తెలిసినవాడల్లా దాన్ని వాడుకుంటాడనే అనుకునేవాడు. తెలిసీ, లోలోపల బెంగపడుతూ కూడా, నోరు విప్పకుండా ఉన్న మనిషి ఇంట్లోనే ఉన్నాడని పాపం వాడికి తెలియదు.